మూడో గేరు

ఆదివారం ఏడున్నరకి
కొండ మీది మలుపులో నా టీ బండి తెరుస్తాను.
ముందు గొర్రెలొస్తాయి, తర్వాత వేల్స్ వాన,
ఆ తర్వాతే వాళ్ళు.
వంపు తిరగకముందే చప్పుడుతో పేరు చెప్పుకునే
నాలుగు పొట్టి కార్లు,
వెనక తలుపు పైకి లేచేవి,
మూతి నేలకి రాసుకునేవి.
చూడ్డానికి బడిపిల్లాడి బూటంత.
తొక్కితే ఎలా ఉంటుందో
వాళ్ళే చెప్పాలి.

చెప్పరు. ముందు తిట్లే.

"రోడ్డు మీద నాణెం పడి ఉంటే
బొమ్మో బొరుసో నా వెన్నుకి తెలుస్తుంది" అంటుంది ఐర్లిస్.
రాత్రిళ్ళు కాన్పులకెళ్ళే నర్సు,
రెండు చెంచాల పంచదార, పాలు తక్కువ.

ట్యూదర్‌కి ఇరవై రెండు.
కారు వాయిదా కంటే బీమా ఎక్కువ.
ఒలికిన టీలో వేలు ముంచి
నా బల్ల మీదే లెక్క వేసి చూపించాడు.
సున్నాలు పెట్టేసరికి టీ అయిపోయింది.

మైరిగ్ కుక్క ఒక్కసారి ఎక్కింది,
దిగి కక్కుకుంది,
ఇక జన్మలో ఎక్కనని గేటు దగ్గరే కూర్చుంది.
వెనక సీటు కాదట అది,
సీటేదని అడిగితే చూపించే సాకు.
గొర్రెల దాణా రెండు బస్తాలు డిక్కీలో,
మూడోది పెళ్ళాం ఒళ్ళో.

ఇంతలో ఎవరో ఒకరు "కానీ" అంటారు.
కప్పులు పెదాల దగ్గర ఆగిపోతాయి.
"కానీ, ఆ పాల లారీని దాటాక,
రోడ్డు పొడిగా ఉంటే, మూడో గేరులో
ఆ ఎడమ వంపు..."
చేతులు గాల్లోనే స్టీరింగు తిప్పుతాయి.
వాక్యం ఎవరూ పూర్తి చెయ్యరు.

"మొన్న తెల్లారుజామున మూడింటికి,"
ఐర్లిస్ కప్పులోకి చూస్తూ అంది,
"లోయ చివరి పొలంలో, బిడ్డ ఎదురు కాళ్ళు.
నాలుగు నిమిషాల ముందు చేరాం."
ఆ 'చేరాం'లో రెండోవాళ్ళెవరని
నేను అడగలేదు.

ఇవాళ ఇద్వల్ కారు అమ్మేస్తున్నాడు.
తుంటి అరిగిపోయింది.
ఆ కారులోంచి లేవాలంటే
ముందు కుడికాలు, తర్వాత తలుపు మీద చెయ్యి,
ఆ తర్వాత ఒక బూతు.

స్వాన్సీ నుంచి కుర్రాడొచ్చాడు కొనడానికి,
మడత నలగని కోటు,
జేబులో డబ్బు ఉన్న నడక.
"లోపాలేమైనా ఉన్నాయా?"

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు గానీ
అమ్మేవాడే బేరం చెడగొట్టుకోవడం
నేనిదే చూడ్డం.
చలికి రెండో గేరు బతిమాలితే గానీ పడదన్నాడు.
ముందు టైర్లు చెప్పుల్లా అరుగుతాయన్నాడు.
వానొస్తే ఎడమ తలుపు ఏడుస్తుందన్నాడు.
ఆయన గుక్క తిప్పుకునేలోపు
ఐర్లిస్ వెన్ను గురించి అందుకుంది,
ట్యూదర్ బీమా గురించి,
మైరిగ్ కుక్క గురించి, కుక్క పేరుతో సహా.
ఇంత ఏకగ్రీవంగా
ఆ కొండ మీద ఏదీ జరగలేదు.

"ఆలోచించి చెప్తా" అన్నాడు కుర్రాడు.
పోతూ పోతూ ఒకసారి
బానెట్ మీద చెయ్యి వేశాడు,
వేడి ఇంకా ఉందేమో, వెంటనే తియ్యలేదు.

"మంచి పిల్లాడే పాపం," అన్నాడు ఇద్వల్.
ఎవరూ నవ్వలేదు. ఇంకో టీ అడిగాడు,
సగం తాగి వదిలేశాడు.
తలుపు మీద చెయ్యి, వంగడం, బూతు.
అదే వరస, తలకిందులుగా.

పొయ్యి మంట తగ్గించి విన్నాను.
ఒకటి. రెండు, బతిమాలి.
మూడు.
మూడులోనే ఉంచాడు, ఉంచాల్సిన దానికంటే ఎక్కువసేపు,
లోయంతా ఆ మోత ఎక్కుతూ పోయింది.

నా వ్యానుకి మూడో గేరు పోయి రెండేళ్ళయింది.
బాగు చేయించే ఉద్దేశం ఎప్పుడూ లేదు.
సాయంత్రం గ్యారేజీవాడికి ఫోను చేసి
ఊరికే, ఎంతవుతుందని అడిగాను.